పద్మాక్షి తెప్పించిన ఎండకోట్లు

పావగడలో శనివారం గుడికి వచ్చే జనం దాటుకుంటూ పోయే బజారులో పద్మాక్షి బట్టల అంగడి ఉంది. మామగారి కాలం నాటిది. గల్లాపెట్టె దగ్గర భర్త అనంతరాము కూర్చుంటాడు. బేరం, కొలత, మాట అన్నీ పద్మాక్షివే. ఆమెకు కోపం ఎక్కువని బజారంతా అంటుంది. అబద్ధం కాదు. కానీ పోయిన వేసవిలో ఆమెకు వచ్చిన కోపం ముందు అంతకు మునుపటివన్నీ దిగదుడుపే.

మొదలుపెట్టింది క్యాతగానచెర్లు ఊరి గీత. వాళ్ల నాన్న చేను సోలార్ పలకల కిందికి గుత్తకు పోయింది. ఇప్పుడు అదే చేలో, పలకల మధ్య మొలిచే గడ్డి కోయడానికి గీత కూలికి పోతుంది. పైనుంచి ఎండ, పక్కనుంచి పలకల సెగ. ఆడవాళ్లంతా చీరల మీద మొగుళ్ల పాత ఫుల్‌చొక్కాలు తొడుక్కుంటారు. గీత అంగడికి వచ్చి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. తలకు టోపీ, వేళ్ల దాకా చేతులు ఉన్న పల్చటి ఎండకోటు.

"అక్కా, ఇట్లాంటివి మా గ్యాంగుకంతా తెప్పించిస్తావా? కంట్రాక్టర్‌ను అడిగితే గ్లౌజులిచ్చిందే ఎక్కువంటాండాడు."

ఆ మాటకు పద్మాక్షికి పంతం పుట్టింది. తనకు తెలిసిన బెంగళూరు హోల్‌సేల్ అంగళ్లన్నిటికీ ఫోన్ చేసింది. ఎక్కడా లేదన్నారు. చివరికి ఫోనులోనే ఒక ఏజెంటు తగిలాడు. ఉండేది చైనాలో. మనం చూపించిన సరుకు అక్కడి అంగడిలో కొని, తన గోడౌనులో పెట్టి, మనం సరేనన్నాక పార్శిల్ వేస్తాడు. పద్మాక్షి బొమ్మ పంపింది. అందరికీ ఎక్సెల్ సైజు అని రాసింది. గ్యాంగు ఇచ్చిన అడ్వాన్సుకు తన డబ్బు కలిపి కట్టేసింది.

పార్శిల్ కస్టమ్స్‌లో ఆగిపోయింది. పన్ను తగ్గుతుందని ఏజెంటు బిల్లులో ధర తక్కువ రాశాడు. రాసే ముందు పద్మాక్షిని అడిగాడు కూడా. ఆమె సరేనంది. ఇప్పుడు పన్నుతో పాటు జరిమానా కట్టాల్సి వచ్చింది. అదీ కట్టింది. విడిపించుకున్న రోజే గీతకు కబురు పెట్టింది.

గీత ఒక కోటు తీసి చేయి దూర్చింది. మోచేతి దగ్గరే ఆగిపోయింది. లాగితే చంకలో కుట్టు పర్రుమంది.

"ఏందక్కా ఇది? ఏ బొమ్మకు కుట్టినారు?"

పద్మాక్షి దాన్ని చేతిలోకి లాక్కుంది. కోటును బల్ల మీద పరచి టేపు పెట్టింది. బళ్లో చదివే పిల్లకు సరిపోయే ఛాతీ. గుడ్డ కూడా బొమ్మలోది కాదు. లోపల రబ్బరు పూత, గాలాడదు. ఆమె చెవులు ఎర్రబడిపోయాయి. ఫోను తీసుకుని ఏజెంటుకు ఫోటోలు పంపి, దొంగా అని తిట్టింది.

వెంటనే జవాబు వచ్చింది. "డియర్, పంపే ముందు ఫోటోలు చూపించాను. మీరు ఓకే అన్నారు. దేశం దాటిన సరుకు వెనక్కి తీసుకోం."

పాత మెసేజీలు వెతికింది. నిజమే. గోడౌను బల్ల మీద కోటు, దాని మీద అడ్డంగా పరిచిన టేపు, అంకెలతో సహా ఉన్నాయి. పక్కనే లోపలి గుడ్డ ఫోటో. కింద సరేనని తను పెట్టిన బొటనవేలు గుర్తు. ఆ రోజు శనివారం, గిరాకీ ఎక్కువ. చూడకుండానే నొక్కేసింది. చిన్నప్పటినుంచి టేపు మెడలో వేసుకుని తిరిగిన మనిషి, పరదేశం సైజు మన సైజు ఒకటేనని ఎక్సెల్ అన్న రెండక్షరాలను నమ్మింది. ఏజెంటు మీది కోపం సగం తన మీదికే తిరిగింది. అది ఇంకా మండింది.

"చెప్తే విన్నావా? ఎప్పుడూ తెచ్చే బళ్ళారి సరుకు చాలలేదా నీకు?" అన్నాడు అనంతరాము. మళ్లీ తనే, "పోనీలే, జాత్రలో పిల్లోళ్ల కోట్లని అమ్మేస్తాం" అన్నాడు.

"గాలాడని గుడ్డండీ ఇది! ఏ బిడ్డకన్నా వడదెబ్బ తగిల్తే మీరు ఎత్తుకోని పోతారా ఆస్పత్రికి?" అని ఆమె అరిచిన అరుపుకు ఎదురంగడి వాళ్లు బయటికి వచ్చి చూశారు. కోట్లన్నీ ఆటో కొల్లప్పకు ఇచ్చేసింది. అతను కత్తిరించి స్టాండులోని బండ్లకు సీటుకవర్లు వేశాడు.

మరునాడు పద్మాక్షి గ్యాంగు అడ్వాన్సు తిరిగిచ్చేద్దామని సోలార్ పార్కు గేటు దగ్గరికి పోయింది. అన్నం వేళ. గ్యాంగులో పెద్దది కెంచమ్మ, మోచేతుల దాకా చెమటకాయలు. డబ్బు వైపు చూడను కూడా లేదు.

"డబ్బిస్తే ఎండ తగ్గుతాదామ్మా? మాకు కోట్లు కావాల. నువ్వు తెప్పిస్తానంటివి, తెప్పియ్యి."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పద్మాక్షికి. అక్కడే, గేటు పక్కన నిలబెట్టి ఒక్కొక్కరి ఛాతీ, భుజం, చేయి కొలుచుకుంది. చొక్కా మీద వేసుకుంటారు కాబట్టి వదులు కూడా కలుపుకుంది.

ఈసారి అదే ఏజెంటు చేత ఒక్కటే కోటు, కెంచమ్మ కొలతకు తెప్పించింది. చైనా అంగడివాడి సైజుల పట్టీలో సెంటీమీటర్లు చూసి మరీ ఎంచింది. గుడ్డను వెలుతురుకు పట్టి ఫోటో తియ్యమంది. అట్టపెట్టెలు తీసేసి చుట్టమంది, పెట్టె సైజుకు కూడా కిరాయి వేస్తారని మొదటి బిల్లులో తెలిసింది. ధర ఉన్నదున్నట్టు రాయమంది. ఏజెంటు విసుక్కున్నాడు: "డియర్, ఎందుకింత అనుమానం?"

"ఎండలో నిలబడేది నువ్వు కాదు" అని రాసింది.

కెంచమ్మ ఆ కోటు వేసుకుని వారం రోజులు పని చేసింది, ఉతికింది, మళ్లీ వేసుకుంది. జిప్పు పట్టుకుంటాందని చెప్పింది. జిప్పు మార్పించాకే పద్మాక్షి మిగిలినవాటికి సరేనంది. రెండు కోట్లు వేరే రంగువి వచ్చాయి. వాటికి ఏజెంటుతో పోట్లాడి కమీషన్ తగ్గించుకుంది. గ్యాంగుకు మాత్రం ముందు చెప్పిన ధరే తీసుకుంది. నష్టం అంగడిదే. అనంతరాము దాన్ని అంగడి ఖాతాలో రాసుకున్నాడు.

కోట్లేసుకున్న గ్యాంగు పార్కులో దూరం నుంచే కనబడసాగింది. ఒకరోజు సోలార్ కంపెనీ సూపర్‌వైజర్ రాజేశ్ అంగడికి వచ్చాడు.

"అక్కా, ఆ కోట్ల వీపుల మీద మా కంపెనీ పేరు ప్రింటు వేయించిస్తావా? పై ఆఫీసర్లు చూసేదానికి వస్తాండారు."

పద్మాక్షి మడత పెడుతున్న చీరను బల్ల మీద పడేసింది.

"కోట్లు మీరు కొనిచ్చినారా?"

"లేదు గానీ..."

"గడ్డి కోసినోళ్లు వాళ్ల కూలి దుడ్లు పెట్టి కొనుక్కున్నారప్పా. పేరు కావాలంటే వచ్చే ఎండాకాలానికి మీరే కొనియ్యండి. ఎట్ల కొనల్లో నేను చెప్తా, వచ్చి కూర్చో. అంతదాకా ఆ వీపుల జోలికి రావద్దు."

రాజేశ్ మళ్లీ రాలేదు. గ్యాంగు కోట్ల మీద ఇప్పటికీ ఎవరి పేరూ లేదు.