పెద్దమ్మకు రాని ముడి

ఖాళీ కాగితం కనబడితే మా పెద్దమ్మ చెయ్యి ఊరుకోదు. ఆవిడలో ఇంకే లోపమూ లేదు. నల్ల ఇంకు పెన్ను తీసి, ఊపిరి మెల్లగా వదులుతూ వలలు, అలలు, చేప పొలుసులు గీసుకుంటూ పోతుంది. ఈగ వాలడానికి కూడా జాగా మిగలదు. దీనివల్ల మనసు కుదుటపడుతుందట. ఇంట్లోవాళ్ల మనసు సంగతి ఆవిడ ఎప్పుడూ అడగలేదు. రబ్బరు మాత్రం గడప దాటనివ్వదు. తప్పు పడితే దాన్నే ఇంకో నమూనాగా మార్చుకోవాలంటుంది.

పెద్దనాన్న పేపర్లో గళ్లనుడికట్టు పూరించి ఏళ్లయింది. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు గళ్లన్నీ పొలుసులతో నిండిపోతాయి. ఒకసారి డాక్టరు రాసిచ్చిన చీటీనీ వదల్లేదు. మందుల షాపతను దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇందులో మందు పేరెక్కడుందమ్మా అని అడిగాడు.

"మూడో వల కింద చూడు నాయనా, చిక్కుకుపోయి ఉంటుంది" అంది పెద్దమ్మ.

ఇప్పుడతను ఆవిణ్ణి చూడగానే ముందు డాక్టరుకే ఫోను చేస్తాడు.

ఇంత చెయ్యి తిరిగిన మనిషి ఒక్క నమూనా దగ్గర మాత్రం బోల్తా పడేది. ఐదు తాళ్లు ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా పోతూ ముడిలా అల్లుకోవాలి. నాలుగోది కిందికి పోవాల్సిన చోట పైకి పోయేది. ఆ సంగతి నాకు తెలిసింది నా చెయ్యి విరిగాకే.

నేను బేకరీలో కేకుల మీద క్రీముతో పూలూ అంచులూ వేస్తాను. మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక ఒకటే వణుకు. ఓనరు మంచివాడే కానీ, రెండు నెలలు చూస్తాను, ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకోక తప్పదన్నాడు. నాకు వేరే పని రాదు. ఇల్లు కదలకుండా ఏడుస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మ ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. కాగితాల కట్టతో దిగింది.

"ఈ నాలుగో తాడు నా ప్రాణం తీస్తోందే. నువ్వు పట్టు ఆ పెన్ను."

"నా చెయ్యి వణుకుతుంది పెద్దమ్మా."

"వణకనీ. తాడన్నాక పీచు లేవదా?"

నిజంగానే నా వంకర గీత పీచు లేచిన తాడులా వచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను. ఇక రోజూ అదే తంతు. ఆవిడ తప్పు వేసి విసుక్కునేది, నేను పక్కన సరిగా వేసి చూపించేదాన్ని. ఎంత చెప్పినా ఎక్కదే అని జాలిపడి, ఆవిడకు నేర్పడం కోసమే నేను ఒంటరిగా కూడా సాధన చేశాను. వారాలు గడిచేకొద్దీ పీచు తగ్గింది. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఓనరు ఎదుట ఒక కేకు చుట్టూ ఆ ముడే క్రీముతో అల్లాను. ఆయన కేకు చుట్టూ తిరిగి చూసి, రేపటినుంచి వచ్చెయ్యమన్నాడు.

నేరుగా పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆవిడ స్నానంలో ఉంది. పాపం, పెద్దమ్మకు రాని ముడే నాకు అన్నం పెట్టిందని పెద్దనాన్నతో అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, బీరువాలోంచి పదేళ్లనాటి క్యాలెండరు తీశాడు. పన్నెండు కాగితాల వెనకా అదే ముడి. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

పెద్దమ్మ తల తుడుచుకుంటూ వచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి. నీ మేలు ఈ జన్మలో మరిచిపోలేనన్నాను. నాకోసం ఇన్నాళ్లూ రానట్టు నటించావా అని అడిగాను.

"నటన ఏమిటే? ఆ నాలుగోది తప్పు వెయ్యడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది" అంది పెద్దమ్మ. "పాడు చెయ్యి, ఎంత ఆపినా సరిగ్గానే పోయేది."