చిన్నాయన తవ్వనివ్వని బావి

మా చిన్నాయన పోయారని నేనుండే చింతామణి ఊరికి కబురు వచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ బావిని అట్లాగే వదిలేసి పోయారే అని. ఆయన్ను ఎరుగనివాళ్ళకు ఇది మనసులేని మాటగా తోచవచ్చు. మా చిన్నమ్మ వంగిపోయిన నడుము చూసినవాళ్ళకు తోచదు.

బాగేపల్లికి అవతల, కొండ అడుగున మా ఊరు. ఊళ్ళో మంచినీళ్ళు లేవు. ఆడవాళ్ళు చిత్రావతి ఏటి దాకా నడిచి, ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు ముంతతో కడవకెత్తుకుని రావాలి. చిన్నాయన బాగేపల్లి ఇస్కూల్లో మేష్ట్రు. పెరట్లో బావి తవ్విస్తానని ఆయనే పూనుకున్నారు. చిన్నమ్మ మురిసిపోయింది.

ఎర్రమన్ను దాటగానే రాయి తగిలింది. మామూలు నల్లరాయి కాదు. ఇసుక ఒక వరస, గులకరాళ్ళు ఒక వరస, బంకమన్ను ఒక వరస, అన్నీ బిగుసుకుపోయి రాయైనవి. చిన్నాయన గుంతలోకి దిగి, ఇక పైకి రారే!

"చూడమ్మా, ఏరు ఒకప్పుడు ఈడనే పారిండాది. కొండమీంద నుంచి తెచ్చిందంతా ఈడ పరిచి పోయిండాది. ఈ గులకరాళ్ళు పెద్ద వరదలో వచ్చినవి. ఈ సన్నమన్ను నీళ్ళు నిలిచినప్పుడు దిగింది" అని నాకు చూపించారు. నిజం చెప్పాలి, ఆ పూట నాకూ బాగుండింది. ఈనాటికీ యాడ గట్టు తెగి కనిపించినా ఆగి చూస్తాను. అది ఆయన పెట్టిన భిక్షే.

కానీ బావి? ఈ యుద్ధం రోజుల్లో రాయి పేల్చే మందు దొరకడమే గగనం. తవ్వేవాళ్ళు ఎట్లాగో సంపాదించి తెస్తే ఆయన అడ్డం నిలబడ్డారు.

"పిల్లోళ్ళకు చూపించినాక పేలుద్దామప్పా. రెండు దినాలు తాళండి."

"వాన పడితే మేం సేద్యానికి పోవాల మేష్ట్రే!"

ఒక తరగతి పిల్లలు చూసిపోతే ఇంకో తరగతి. వాన పడింది, వాళ్ళు విత్తడానికి పోయారు, మందు ఇంకెవరి బావికో పోయింది. తర్వాత ఎప్పుడడిగినా "ఏటికే తొందర లేదు, మనకేలమ్మా?" అనేవారు. ఏటికి లేదు, సరే. కడవ మోసేవాళ్ళకు ఉండదా? ఆయన జేబుల నిండా ఎప్పుడూ గులకరాళ్ళే. గుడ్డలుతికే ముందు వాటిని ఏరి గూట్లో పెట్టడం కూడా చిన్నమ్మ పనే. అన్నం దగ్గర ఆమె తెచ్చిన నీళ్ళు తాగి, చెంబు కళ్ళకద్దుకునేవారు. కళ్ళకద్దుకుంటే బరువు తగ్గుతుందా?

నేను చేరేసరికి చిన్నమ్మ ఇంట్లో లేదు. ఆయనకు కడసారి పోయాల్సిన నీళ్ళకోసం ఏటికి పోయిందట, ఎవరు వద్దన్నా వినలేదట. వచ్చి, కడవ దించి, నన్ను చూసింది.

"ఈ నీళ్ళూ నేనే తేవాల్సి వచ్చె, చూడు" అంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

కర్మలయ్యాక ఆమే తవ్వేవాళ్ళను పిలిపించింది. ఈసారి కూడా ఎట్లాగో మందు సంపాదించారు. దాన్ని రాతిలో కూరేముందు చిన్నమ్మ కొంగు బిగించి గుంతలోకి దిగింది. ఆయన బతికుండగా ఎన్నిసార్లు పిలిచినా దిగిన మనిషి కాదు. అడుగునుంచి మొదలుపెట్టి ఒక్కో వరసనూ తడుముతూ వచ్చింది. గులకరాళ్ళ దగ్గర కొంచెంసేపు ఆగింది. పైకి వచ్చాక, మన్నంటిన చెయ్యిని తుడుచుకోకుండా అట్లాగే పట్టుకుని నిలబడింది.

"పెట్టండప్పా మందు" అంది.