ఐసులో దాచిన మందు

మంగినపూడిలో మా అక్క వీరదుర్గ కత్తిపీట ముందు కూర్చుందంటే చేపలకొచ్చిన జనం వరస కట్టేవారు. రెండువేల మూడులో ఆమె కుడి బొటనవేలికే చేపముల్లు గుచ్చుకుంది. ఆ పుండు మానలేదు. చర్మం కింద బూజు పట్టిందన్నారు బందరు డాక్టరుగారు. మాత్రలు పడక కళ్లు పచ్చబడితే, ఆఖరికి హైదరాబాదు నుంచి ఒక జెల్ తెప్పించారు.

"మందుని కంటికి కనపడని కొవ్వు బుడగల్లో పెట్టారమ్మా. అవి తోలు దాటి లోపలికి దిగి పుండుకి మందు అందిస్తాయి. చల్లగా ఉంచండి. దీనికీ తగ్గకపోతే వేలు తీసెయ్యాల్సిందే," అన్నారాయన.

బొటనవేలు లేకపోతే కత్తిపీట మీద చేపనెలా పట్టుకుంటుంది? ఇంటికి ఆటో తోలుతున్నానే గానీ నా ప్రాణం నా దగ్గర లేదు.

మా పేటలో ఫ్రిజ్ ఎవరింట్లో ఉంది గనక? అక్క అత్తగారు తాతమ్మ, మనవలు ఏడ్చినా ఐసుముక్క విదల్చని మనిషి, ఆ ట్యూబుని పండుగప్ప చేపల పక్కన ఐసుపెట్టెలో పాతిపెట్టింది. చలువ బాగా దిగాలని రోజూ కల్లుప్పు కూడా చల్లింది. అక్క పూసుకుంటూనే ఉంది. పుండు మాత్రం కణుపు దాకా పాకింది.

ముగ్గురం మళ్లీ వెళ్లాం. డాక్టరుగారు ట్యూబు నొక్కితే నీళ్లూ తెల్లటి పలుకులూ వచ్చాయి. ఎక్కడ దాచారని అడిగితే చెప్పాం.

"ఉప్పేసిన ఐసుకి మందు గడ్డకట్టి బుడగలు పగిలిపోయాయి. చల్లగా ఉంచమన్నాను గానీ గడ్డకట్టించమన్నానా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆ ముక్క ముందే చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా? చల్లదనమంటే ఐసే అనుకునే ఇళ్లు మావి.

"ఇంకొక్క ట్యూబే ఉంది. కుండ చుట్టూ తడి ఇసక పోసి, ట్యూబుని ఆ కుండలో ఉంచండి. ఇదీ పాడైతే నేను చేసేదేం లేదు," అన్నారాయన.

తాతమ్మ గుమ్మంలోనే కూలబడింది. "నా చేతికివ్వకండి బాబూ. చేజేతులా కోడలి వేలు తీశాను," అంది.

నేను ట్యూబు అందుకోబోయాను. అక్క నా చెయ్యి తోసేసి దాన్ని అత్త ఒళ్లో పెట్టింది.

"ఆటో ఎక్కడ ఆపాడో వీడికే గుర్తుండదు. నువ్వే చూడత్తా," అంది.

ఆ ఎండాకాలమంతా తాతమ్మ కుండ దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. ఇసకని ఒక్క పూట ఆరనివ్వలేదు. వేలు నిలిచింది, గోరు మాత్రం వంకరగా వచ్చింది.

అక్క మళ్లీ కత్తిపీట వేసుకున్న రోజు తాతమ్మ ఆ వేలు వంకే చూస్తూ కూర్చుంది. పక్క బేరగత్తె కాస్త ఐసు అడిగితే, చూపు తిప్పకుండా పెట్టె మొత్తం ఆమె వైపు తోసేసింది.