హాజరు కానిచో సంజాయిషీ

గౌరీశంకరం గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. మనుషులు సరదాగా గడపాలన్నా సరే, ఆయనకు కాగితం మీద ఉత్తర్వు ఉండాలి. అందులో ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా సరదా పడాలో రాసి ఉండాలి. కింద ఆఫీసు ముద్ర ఉండాలి. ముద్ర కింద "హాజరు కానిచో సంజాయిషీ కోరబడును" అనే వాక్యం ఉండాలి. ఆ వాక్యం లేని సరదాను ఆయన సరదాగా గుర్తించేవాడు కాదు.

బాపట్లలో అంగన్‌వాడీ టీచర్లకు మూడు నెలల ట్రైనింగ్ ఇచ్చే కేంద్రం ఒకటి ఉండేది. అందులో ఆయన స్టోర్ కీపరు. పలకలు, చాపలు, పాలపొడి డబ్బాలు ఆయన చేతిలో ఉండేవి. ట్రైనింగుకు వచ్చినవాళ్ళను నెలకోసారి, రెండో శనివారంనాడు, ఎక్కడికైనా తీసుకువెళ్ళే పని కూడా ఆయనదే. ఆదివారమైతే వాళ్ళలో క్రైస్తవులు ప్రార్థన మానుకోవలసి వస్తుందని శనివారం పెట్టాడు.

ఎనభై ఎనిమిదిలో కృపమ్మ అక్కడ టైపిస్టుగా చేరింది. రేపల్లె పిల్ల, చురుకైనది. చేరిన వారానికే గౌరీశంకరం గారు ఒక చిత్తుకాగితం తెచ్చి ఆమె మిషను పక్కన పెట్టాడు.

"ముప్ఫై కాపీలమ్మా. స్టెన్సిల్ కొట్టు."

కృపమ్మ చదివింది. పైన "సూర్యలంక సముద్రతీర కార్యక్రమము" అని ఉంది. కింద ఇలా ఉంది:

ఉదయం 10.00 – 10.20: సముద్రమును చూచి ఆశ్చర్యపడుట.

10.20 – 10.50: మోకాలి వరకు నీళ్ళలో దిగుట.

10.50 – 11.00: అల వచ్చినపుడు కేకలు వేయుట.

11.00 – 11.30: ఇసుకలో ఇల్లు కట్టుట. (ఒక్కొక్కరు ఒక్కొక్క ఇల్లు.)

కృపమ్మ మళ్ళీ మొదటి నుంచి చదివి తలెత్తింది. "బాబాయిగారూ, ఇది నిజంగా టైపు చేయాలా అండి?"

"ఏం, అక్షరాలు కనపడట్లేదా?"

"అది కాదండి. ఆశ్చర్యపడటానికి ఇరవై నిమిషాలేంటండి?"

"తక్కువంటావా?" అని ఆయన ఆలోచించి, పెన్ను తీసి 10.25 అని దిద్దాడు.

"పోనీ కింద 'ఇష్టమున్నవారు రావచ్చును' అని పెడదామాండి? మర్యాదగా ఉంటుంది."

గౌరీశంకరం గారి ముఖం మాడిపోయింది. "ఇష్టం అనే మాట నా కాగితంలో పడటానికి వీల్లేదమ్మా. సంజాయిషీ అని కొట్టు. దీర్ఘం మరిచిపోకు."

ఆ శనివారం సూర్యలంకలో కృపమ్మ కళ్ళారా చూసింది. ముప్ఫై మంది ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఆయన గొడుగు వేసుకుని, మెడలో ఈల కట్టుకుని వెనక నిలబడ్డాడు. ఈల ఊదాడు. ముప్ఫై మందీ ఆశ్చర్యపడ్డారు. 10.25కి మళ్ళీ ఊదాడు. మోకాలి దాకా దిగారు. చివర్న రిజిస్టరు తెరిచి ఒక్కొక్కరినీ పిలిచాడు.

"రత్నం! ఆశ్చర్యపడ్డావా?"

రత్నం సముద్రం ఒడ్డు పల్లె పిల్ల, నోటి దురుసు. "మాకు సముద్రం కొత్త కాదు సార్. చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా. ఆశ్చర్యం రాలేదు."

"అయితే సంజాయిషీ రాసివ్వమ్మా."

"పడ్డాను సార్," అని రత్నం సంతకం పెట్టింది.

రెండో నెల తెనాలి తీసుకువెళ్ళాడు. విగ్రహాలు చెక్కేవాళ్ళ పని చూపించాడు, మ్యాట్నీ చూపించాడు. ఆ కాగితంలో "హాస్య సన్నివేశములలో నవ్వుట" అని ఒక అంశం ఉంది. సినిమా ఏడుపుగొట్టుది. అయినా ఈల విన్నప్పుడల్లా బాల్కనీలో ముప్ఫై మందీ నవ్వారు. కింద నేల టిక్కెట్టువాళ్ళు లేచి వెనక్కి తిరిగి చూశారు.

ఆ ముప్ఫై మందిలో అంకమ్మ అని ఒకమ్మాయి ఉండేది. మాచర్ల అవతల పల్లె. ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయాడు. ఏడో తరగతి చదివింది కాబట్టి ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వచ్చింది కాబట్టి అత్త లక్ష్మమ్మ పంపించింది. పంపేటప్పుడు, క్లాసుకు వెళ్ళడం, గదికి రావడం తప్ప మూడో పని పెట్టుకోవద్దని చెప్పింది. అంకమ్మ అలాగే ఉండేది. తినమంటే తినేది. కూర్చోమంటే కూర్చునేది. సూర్యలంకకు కూడా సంజాయిషీకి భయపడే వచ్చింది. మోకాలి దాకా దిగమంటే దిగింది. అబద్ధం చెప్పడం తెలియని మనిషి కనుక ఇంటికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసింది: "సారుగారి ఉత్తర్వు ప్రకారం నన్ను సముద్రంలో దింపినారు."

ఆ ఉత్తరం అక్కడ ఎవరు చదివి వినిపించారో, ఎలా వినిపించారో తెలియదు. మూడో నెల రెండో శనివారానికి ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, అంకమ్మ బావగారు చెంచురామయ్య ఆఫీసులోకి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో సంచి, ముఖంలో మిరపతోట.

"మా మరదల్ని సముద్రంలో దింపింది ఎవరయ్యా?"

"నేనేనండి," అన్నాడు గౌరీశంకరం గారు, పాలపొడి డబ్బాలు లెక్కపెడుతూ. "మోకాలి వరకే. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. పిల్లను తీసుకుపోతా. ట్రైనింగ్ అని పంపితే షికార్లు తిప్పుతారా? రేపు ఏదో దీవికంట. పడవంట. మొగుడు పోయిన పిల్ల పడవెక్కి తిరిగితే ఊళ్ళో ఏమనుకుంటారు?"

కృపమ్మ వేళ్ళు మిషను మీద ఆగిపోయాయి. కిటికీ బయట అంకమ్మ నిలబడి ఉంది. పెట్టె అప్పటికే సర్దేసింది. ట్రైనింగ్ ఇంకా పద్దెనిమిది రోజులుంది. మధ్యలో పోతే సర్టిఫికెట్టు రాదు. సర్టిఫికెట్టు లేకపోతే ఉద్యోగం లేదు.

గౌరీశంకరం గారు డబ్బా కింద పెట్టి, బల్ల మీద నుంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు.

"షికారు కాదండి. కార్యక్రమం. చదవండి."

చెంచురామయ్య కాగితం దూరంగా పెట్టుకుని, కూడబలుక్కుని చదివాడు. "ఈతలంక దీవి కార్యక్రమము. పదకొండు గంటలు... దీవిని చూచి ఆశ్చర్యపడుట. ఎర్ర పీతల... వెంట... పరుగెత్తుట?" తలెత్తాడు. "ఇదేంది?"

"పీతలండి. ఎర్రగా ఉంటాయి."

"పంపకపోతే?"

"సంజాయిషీ ఇవ్వాలండి."

"ఎవరికి?"

"పైకండి."

చెంచురామయ్య పైకి చూశాడు. దూలం మీద బల్లి ఉంది. ఆయన గొంతు కాస్త తగ్గింది. "పిల్ల కదా ఇవ్వాల్సింది?"

"ఆపినవారు ఇవ్వాలండి. మూడు కాపీలు."

చెంచురామయ్య సంచి కింద పెట్టాడు. గౌరీశంకరం గారు ఆ సంచి వైపు ఒకసారి చూసి, మెల్లగా అన్నాడు. "ఇంకో సంగతండి. బంధువులు ఎవరైనా ఊళ్ళో ఉంటే వాళ్ళు కూడా పర్యవేక్షణకు హాజరు కావాలని నియమం ఉంది. అమ్మా కృపమ్మా, ఆ నియమం ఒక కాపీ వారికి టైపు చేసి ఇవ్వు."

అలాంటి నియమం ఈ భూమ్మీద లేదని కృపమ్మకు తెలుసు. ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు, పాలపొడి తప్ప. ఆమె కాగితం ఎక్కించి, ఒక్క నిమిషంలో ఆ నియమాన్ని పుట్టించి, ముద్ర కొట్టి ఇచ్చింది. రెండో వాక్యం సొంతంగా కలిపింది: "బంధువులు కూడ అన్ని అంశములలో పాల్గొనవలెను."

మర్నాడు బస్సు కర్లపాలెం మీదుగా రేపల్లె చేరి, అక్కడి నుంచి కృష్ణ ఒడ్డున రేవుకు వెళ్ళింది. రేవు నుంచి పడవలో గంట. ఈతలంకకు ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క సముద్రం. ఇసుక, మడచెట్లు, నాలుగు జాలరి గుడిసెలు. ఈతచెట్ల మూలంగా ఆ పేరు వచ్చింది. ఈత కొట్టడం మాత్రం కార్యక్రమంలో నిషిద్ధం.

ఈల మోగింది. ఆశ్చర్యపడటం మొదలైంది. చెంచురామయ్య వరస చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలభై అయిదేళ్ళ వయసులో ఆయన సముద్రం చూడటం అదే మొదటిసారి. నోరు తెరిచాడు. ఈల మళ్ళీ మోగింది. అందరూ కదిలారు. ఆయన కదల్లేదు.

గౌరీశంకరం గారు రిజిస్టరు పట్టుకుని పక్కకు వెళ్ళాడు. "ఆశ్చర్యపడ్డారాండి?"

"ఆ."

"సంతకం పెట్టండి."

చెంచురామయ్య అటే చూస్తూ సంతకం పెట్టాడు. అది వేరేవాళ్ళ గడిలో పడింది.

తరువాతి అంశం పీతలు. తడి ఇసుక మీద వందల కొద్దీ ఎర్ర పీతలు తిరుగుతున్నాయి. మనిషి అడుగు పడగానే అన్నీ ఒక్కసారి కన్నాల్లో దూరతాయి. పదిహేను నిమిషాలు పరుగెత్తాలని ఉత్తర్వు. అంకమ్మ మొదట ఉత్తర్వు ప్రకారం నడిచింది. ఒక పీత ఆమె కాలి ముందే నిలబడి, కన్నానికి దారి మరిచిపోయినట్టు అటూ ఇటూ పరుగెత్తింది. ఆమె వంగింది. అది పారిపోయింది. ఆమె వెంటపడింది. కొంగు నడుముకు దోపుకుంది. పీత చటుక్కున పక్కకు తిరిగింది. అంకమ్మ తిరగలేక ఇసుకలో బోర్లాపడింది.

పడి, నవ్వింది. మొదట చిన్నగా. తరువాత ఆపుకోలేక, ఇసుకను చేతులతో కొడుతూ నవ్వింది. రెండు నెలలు పక్కచాప మీద పడుకున్న రత్నం కూడా ఆ నవ్వు ఎవరిదో పోల్చుకోలేక తిరిగి చూసింది.

చెంచురామయ్య గబగబా నాలుగడుగులు ముందుకు వేశాడు. ఆయన ఆగి, జేబులోంచి కాగితం తీసి, వేలు పెట్టి వెతికాడు. నాలుగో అంశం: "పడిపోయినవారు నవ్వుట." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఉందిలే," అని తనలో తానే చెప్పుకుని, పంచె పైకి కట్టి, తన వంతు పీతల వెంట పరుగెత్తాడు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా పాటలు. కృపమ్మ ముందు సీటులో గౌరీశంకరం గారి పక్కన కూర్చుంది.

"బాబాయిగారూ, నిజం చెప్పండి. ఈ నియమాలు ఎక్కడున్నాయండి?"

"ఎక్కడా లేవమ్మా. నువ్వు టైపు చేసేదాకా."

"మరి పిల్లల్ని హాయిగా రమ్మని చెప్పొచ్చు కదండి? ఇన్ని ఉత్తర్వులు ఎందుకు?"

"మొదటి బ్యాచికి అలాగే చెప్పానమ్మా. ఇష్టమున్నవాళ్ళు పేర్లు ఇవ్వండి అన్నాను. ముప్ఫై మందిలో ముగ్గురు ఇచ్చారు. బస్సు కదిలేటప్పుడు చూస్తే మిగతా ఇరవై ఏడుగురూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఇష్టం లేని మొహాలేనా అవి? మొగుణ్ణి అడగలేదని ఒకరు, అత్తను అడగలేదని ఒకరు, మనకెందుకులే అని ఇంకొకరు. నాకిష్టం అని నోటితో చెప్పే అలవాటు లేదమ్మా వీళ్ళకి. అదే ఆర్డరైతే ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరన్నా అడిగినా, ఏం చేయను, సారు ఊరుకోలేదు అని నా మీద తోసెయ్యొచ్చు."

వెనక సీటులో అంకమ్మ బావగారికి ఏదో చెబుతోంది. ఆయన ఊఁ కొడుతున్నాడు.

"అయినా కేకలు వేయడానికి పది నిమిషాలు చాలవేమో," అన్నాడు గౌరీశంకరం గారు దిగులుగా. "వచ్చే బ్యాచికి పదిహేను పెడదాం."

అంకమ్మ ట్రైనింగ్ పూర్తిచేసి, సర్టిఫికెట్టు తీసుకుని వెళ్ళింది. రెండు వారాల తరువాత చెంచురామయ్య నుంచి ఆఫీసు పేరున ఒక ఉత్తరం వచ్చింది.

"అయ్యా, మా అమ్మ లక్ష్మమ్మకు డెబ్బై ఏళ్ళు. సముద్రం ఎట్లా ఉంటదని రోజూ మా ఇద్దర్నీ పదిసార్లు అడుగుతున్నది. పోదాం రమ్మంటే, ముసలిదాన్ని, నాకెందుకు, జనం నవ్వుతారు అంటున్నది. దయచేసి ఆమె పేరున ఒక ఆర్డరు పంపగలరు. ముద్ర పెద్దదిగా వేయించగలరు."

గౌరీశంకరం గారు రెండుసార్లు చదివాడు. "కృపమ్మా, కాగితం ఎక్కించు."

"మోకాలి వరకేనాండి?"

"డెబ్బై ఏళ్ళమ్మా. చీలమండ వరకు చాలు."

ఆ తరువాతి రెండో శనివారం, కొత్త బ్యాచి సూర్యలంకలో వరసగా నిలబడి ఉండగా, చెంచురామయ్య, అంకమ్మ చెరో చెయ్యి పట్టుకుని లక్ష్మమ్మను తీసుకొచ్చారు. ముసలమ్మ దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉంది. "ఏం గవర్నమెంటో ఏమో! ముసలీ ముతకా అని కూడా చూడరు. సముద్రం ముందు హాజరు కావాల్నంట! కాకపోతే ఊరుకోరంట!" కనపడిన ప్రతివాళ్ళకూ ఆర్డరు చూపించింది.

ఇసుక మీదికి వచ్చి, ఎదురుగా చూసి, మాట ఆపేసింది. చేతులు విడిపించుకుంది. నీళ్ళలోకి నడిచింది. చీలమండ దాటింది, మోకాలు దాటింది, చీర తడిసింది. అయినా ఆగలేదు.

గౌరీశంకరం గారు ఈల ఊదాడు. లాభం లేకపోయింది. గొడుగు ముడిచి, రిజిస్టరు చంకలో పెట్టుకుని, చెప్పులతోనే నీళ్ళలో దిగాడు.

"అమ్మా లక్ష్మమ్మ గారూ! మీకు చీలమండ వరకేనండి! నడుం దాకా వచ్చేశారు! సంజాయిషీ రాయాల్సి ఉంటుంది!"

"నాకు రాయను రాదు, నువ్వే రాసుకో నాయనా," అంది లక్ష్మమ్మ, అంకమ్మ వెనక నుంచి వచ్చి నడుం పట్టుకుంటే ఆ పిల్ల చెయ్యి గట్టిగా అదుముకుంటూ. "కాసేపు ఆగు. ఆ వచ్చేది పెద్దదిగా ఉంది."