ఫిడేలు ఆగిన చోటు

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారంటే నేను ఎన్నడూ నమ్మలేదు. విశ్వాసి ప్రభువునందు నిద్రిస్తాడని హిందూపురంలో సండేస్కూలు పిల్లలకు నేర్పేది నేనే. ఇప్పటికీ అదే నేర్పుతున్నాను.

పెనుకొండ సంఘంలో మా నాయన కట్టిన పాట ఒకటుంది. రెండు చరణాలు అందరం పాడతాం. మూడో చరణానిది వేరే రాగం. సమాధిలోకి పెట్టెను దించేటప్పుడు మాత్రమే, నాయన ఒక్కడే పాడేవాడు. ఇంట్లో ఆ చరణం ఎత్తితే అమ్మ ఊరుకునేది కాదు. అందుకే ఆ రాగం మాకెవరికీ రాలేదు. నాయనను దించిన రోజు రెండో చరణంతోనే ఆపేశాం.

తర్వాత అమ్మ మంచాన పడింది. "నాకూ సగం పాటేనా?" అని అడిగేది. రాగం ఆమెకు గుర్తుంది గానీ గొంతులోకి రాదు.

మా తమ్ముడు ప్రసాద్ బెంగళూరులో వ్యాను నడుపుతాడు. బాల్కన్ దేశాల నుంచి జర్మనీకి వలసపోయిన ఒక బ్యాండును ధర్మవరం మగ్గాలు చూపించడానికి తీసుకెళ్తూ, మధ్యాహ్నం భోజనానికి పెనుకొండలో మా ఇంటికి తెచ్చాడు. తమ ఊళ్ల జానపదాన్ని పంక్ రాక్‌తో కలిపి, ఎగిరెగిరి వాయిస్తారట.

"ఏమప్పా, ఈ పిల్లోని తలకాయ కోడిపుంజు మాదిరి ఉండాదే!" అంది అమ్మ, వాళ్లలో జుట్టు నిక్కబొడిచిన ఒక అబ్బాయిని చూసి. ప్రసాద్ అది ఇంగ్లీషులో చెప్పేసరికి ఆ అబ్బాయి కూత కూడా పెట్టాడు. అమ్మ పగలబడి నవ్వింది.

సంగటి తిన్నాక ప్రార్థన చేసి నాయన పాట పాడాం. అది ఏడు దెబ్బల తాళం. వాళ్ల ఊళ్లలోనూ ఏడు దెబ్బల పాటలున్నాయట. వాళ్లలో పెద్దావిడ ఫిడేలు అందుకుంది. రెండో చరణం కాగానే మేం ఆగాం. ఆమె ఆగలేదు, వేరే రాగంలోకి మళ్లింది.

అమ్మ కళ్లు మూసుకుని మూడో చరణం ఎత్తుకుంది. ఒక్క మాట కూడా తాళం తప్పలేదు. "ఇదేనే, మీ నాయనదే! నా సాగనంపు పాట నేనే వింటి!" అంది. నాకు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పాడించింది.

అది తమ అమ్మమ్మ పాట అని, ఊరు విడిచి పోయేవాళ్లకు పాడేదని పెద్దావిడ చెప్పింది. నాయన ధర్మవరం దాటి ఎరగడు. పోనీ, రాగాలు ఎక్కడి నుంచి ఎక్కడికైనా పోతాయనుకుందాం.

కానీ నాయనకు ఉబ్బసం. ఆఖరి వరుస మధ్యలో ఊపిరి అందక ఒకచోట ఆగేవాడు. ఆమె ఫిడేలు సరిగ్గా అక్కడే ఆగింది. ఫిడేలుకు ఊపిరితో పనేముంది? ఎందుకు ఆగారని ప్రసాద్ అడిగాడు. తమ పాటలో అక్కడ ఆగడం లేదనీ, పక్కన ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించి వాళ్ల కోసం ఆగాననీ చెప్పింది.

పరిశుద్ధాత్మ కార్యమని పాస్టరుగారు అన్నారు. నేనూ ఆమెన్ అన్నాను. అయినా ఇది ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

మొన్న అమ్మను దించేటప్పుడు ఆ చరణం నేనే పాడాను. ఆఖరి వరుస మధ్యలో, అదే చోట, నా ఊపిరీ ఆగింది.

నాకు ఉబ్బసం లేదు.