సెట్ తర్వాత మాట

ఇంగ్లీషు నిఘంటువులో ‘సెట్’ అనే చిన్న మాటకు పేజీలకు పేజీలు అర్థాలుంటాయి. రిటైరయ్యేదాకా హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు. పొద్దు గుంకినా అదే, బల్ల మీద పళ్లేలు అమర్చినా అదే, విరిగిన ఎముక అతుక్కున్నా అదే. అయితే నిఘంటువు రాసినవాళ్లు మా ఆయన్ని కలవలేదు. రేపల్లెలో మైక్ సెట్ షాపు ఆయనది. పెళ్లికీ, చావుకీ, క్రిస్మసుకీ, ఎలక్షన్లకీ మా వైపు మోగే మైకులు చాలావరకు ఆయనవే.

ఆయన నోట పెరుగు తోడుకోదు, సెట్టవుతుంది. సంబంధం కుదరదు, సెట్టవుతుంది. మోకాలి నొప్పీ, అన్నదమ్ముల తగువూ, వాన వెలిశాక ఆకాశమూ అన్నీ సెట్టవ్వాల్సిందే. నాకు ఒళ్లు మండేది.

“తోడుకోవడం, కుదరడం, అమరడం, సర్దుకోవడం, నయమవడం. ఇన్ని మాటలుండగా అన్నిటికీ అదేనా? తెలుగుకేమన్నా కరువొచ్చిందా?” అనేదాన్ని.

“నీకు అర్థమైందా లేదా?”

“అయింది.”

“ఇంకేం, సెట్టు!” అని నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది.

కిందటేడు వానాకాలంలో ఒక ఉదయం పళ్లు తోముకుంటూ కూలబడిపోయారు. పక్షవాతమన్నారు. కుడి చెయ్యీ కుడి కాలూ స్వాధీనం తప్పాయి, మాట పడిపోయింది. గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కాలు కొంచెం కదులుతోంది గాని, నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట. అదేంటో వేరే చెప్పక్కర్లేదు.

మంచినీళ్లు కావాలన్నా సెట్, వద్దన్నా సెట్, వీపు దురద పెట్టినా సెట్. మనం చెప్పేది అంతా అర్థమవుతుందనీ, తను చెప్పాలనుకున్నదీ తెలుసనీ, మాట మాత్రం దొరకదనీ డాక్టరు చెప్పారు. పొట్టిగా పలికితే నీళ్లు, సాగదీస్తే ఫ్యాను తగ్గించమని, వెంటవెంటనే రెండుసార్లంటే అన్నం చాలని నేనే నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, చివరికి ఒకే మాట ఉన్న భాష నేర్చుకునే పిల్లనయ్యాను.

చూడటానికి వచ్చినవాళ్లు, ఆయన చెవిటివాడైనట్టు, ఎదురుగానే “ఇక ఇంతేనంటావా వదినా?” అని నన్ను అడిగేవాళ్లు. ఒకావిణ్ణి కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేశాను. మర్యాద కాదని తెలుసు. అయినా ఈరోజుకీ నాకేమీ బాధ లేదు.

మాట తెప్పించే కసరత్తుల కోసం తెనాలి తీసుకెళ్లమన్నారు. పాసింజరులో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లేదాన్ని. అక్కడ స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి చాలా ఓర్పు గలది. కప్పు బొమ్మ చూపించి “ఇదేంటి బాబాయ్‌గారూ?” అంటుంది. సెట్. ఆవు బొమ్మ. సెట్. తను అన్నది తప్పని ఆయనకే తెలిసి, మొహం ఎర్రబడిపోయేది. ఒకరోజు బొమ్మలన్నీ ఎడమ చేత్తో నెట్టేశారు.

“మొదటి కొన్ని నెలలే ముఖ్యమండి టీచర్ గారూ,” అంది ఆ అమ్మాయి నన్ను వరండాలోకి పిలిచి. “తనంతట తాను, సందర్భానికి తగ్గట్టు, ఇంకొక్క మాట అనాలండి. ఒకటొస్తే దాని వెనకాలే ఇంకోటి వస్తుంది. రాకపోతే…”

తిరుగు రైల్లో ఆయన తల నా భుజం మీద వాల్చి నిద్రపోతుంటే నాకు భయమేసింది. ఇంట్లో ఎప్పుడూ మోగుతూ ఉండే గొంతు ఇక ఇంతే అయిపోతుందేమోనని చాలా భయమేసింది.

చలికాలంలో కోతల పండగకి బాపట్ల రమ్మని మా చెల్లెలు పట్టుబట్టింది. వాళ్ల చర్చిలో ఆ రోజు అందరూ గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు కానుకగా తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఈయన్ని మైకు పక్కనే కుర్చీలో కూర్చోబెట్టాం. మైకు కీచుమంటోంది. మా మరిది వైరు సరిచేయబోతూ, “అన్నయ్యగారూ, కాస్త పట్టుకోండి,” అని దాన్ని ఆయన ఎడమ చేతిలో పెట్టాడు.

ఆయన బొటనవేలు దానంతటదే స్విచ్చి మీదికి పోయింది. ఉఫ్ మని ఊదారు.

“హలో… హలో… మైక్ టెస్టింగ్. వన్, టూ, త్రీ, ఫోర్.”

మా మరిది చేతిలో వైరు జారిపోయింది. మా చెల్లెలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆయన మాత్రం ఆగలేదు. హలో నుంచి మళ్లీ మొదలు. కోడి వేలం ఆగిపోయింది, పాస్టరుగారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

తెనాలి అమ్మాయి విని సంతోషించింది గాని, ఉన్నమాట దాచలేదు. “ఇది అలవాటండి. లెక్కపెట్టడం, ప్రార్థన, పాట ఇవన్నీ తలచుకోకుండానే వచ్చేస్తాయి. మనక్కావలసిన మాట ఇది కాదు. కానీ నోరు కదిలింది కదా, దీన్నే పట్టుకుందాం,” అంది.

పట్టుకున్నాం. ఎన్ని ఇడ్లీలు పెట్టమంటారు అంటే, వన్ దగ్గర ఎక్కి, టూ మీదుగా, త్రీ దగ్గర దిగేవారు. మధ్యలో ఎక్కడం రాదు. ఒకసారి ఆకలి మీద ఉండి సిక్స్ దాకా పోయారు. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వు మాత్రం ఏమీ పాడవలేదు.

అయినా ఆ రెండో మాట రాలేదు. ఎండలు మొదలయ్యాయి. ఒక ఉదయం నేను వంటింట్లోంచి మొదలుపెట్టాను. మాత్ర వేసుకున్నారా, నీళ్లు తాగారా, ఆ చెప్పులేసుకుని నడవండి, నడవమన్నారుగా డాక్టరుగారు, ఆ టీవీ సౌండు తగ్గించండి, మళ్లీ ఆ చిరిగిన బనీనేనా, మాత్ర వేసుకున్నారా లేదా? ఆయన మెల్లగా నా వైపు తిరిగి, కళ్లలోకి సూటిగా చూశారు.

“నస,” అన్నారు.

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. “ఏంటీ? ఏమన్నారూ?” అన్నాను. ఆయన అప్పటికే టీవీ వైపు తిరిగిపోయారు. పొయ్యి కట్టేసి తెనాలి ఫోన్ చేశాను.

“ఎవరూ చెప్పించకుండానే అన్నారా టీచర్ గారూ? సందర్భానికి తగ్గట్టేనా?”

“తగ్గట్టేనమ్మా. బాగా తగ్గట్టే.”

ఆ అమ్మాయి ఫోన్లో కేక పెట్టింది. “బతిమాలితే రాదండి, బలవంతం చెయ్యకండి. మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి, చాలు,” అంది.

ఆ మాట చాలు నాకు. ఫోన్ పెట్టేసి, మాత్రల దగ్గర మొదలుపెట్టి బనీను మీదుగా గోడ గడియారంలో బ్యాటరీ దాకా, పొద్దు గుంకేవరకూ నస పెడుతూనే ఉన్నాను, ఇంకొక్కసారి అంటారేమోనని.