బస్సు ఊరికే ఇస్తామన్న బడి

అనుమానంతో కాపురాలు కూలడం మీరు చూసే ఉంటారు. ఒక చర్చి సంఘమంతా ఫోన్ చుట్టూ చేరి, కళ్లు మూసుకుని, ఏ పాపమూ ఎరుగని ఒక ఆఫీసు ఉద్యోగి మారుమనస్సు కోసం కన్నీళ్లతో ప్రార్థించడం మాత్రం చూసి ఉండరు. ఆ ఘనకార్యం చేయించినవాణ్ణి నేనే.

నా భార్య సలోమి నర్సు. మస్కట్ దవాఖానలో ఉద్యోగం దొరికి వెళ్లింది. మా బిడ్డ ఎస్తేరు, నేను భూపాలపల్లిలో ఉండిపోయాం. మస్కట్‌లో మంచి బడిలో సీటు దొరికి, ఖర్చు మా జీతాల్లో ఇమిడితే, వేసవి తర్వాత బిడ్డ తల్లి దగ్గరికి వెళ్తుంది. లేకపోతే ఇంకో ఏడాది తల్లీబిడ్డలిద్దరూ ఫోన్లోనే ముద్దులు పెట్టుకోవాలి. ఖర్చులు లెక్కేసి బడి ఎంచే పని సలోమి నాకు అప్పగించింది. సంఘం లెక్కలు చూసే పెద్దను కదా, తప్పు చేయననుకుంది పాపం.

చివరికి రెండు ప్రైవేటు బడులు మిగిలాయి. మొదటిది ఒకే ఫీజు చెప్పింది. బస్సు, పుస్తకాలు, యూనిఫారం అన్నీ అందులోనేనట. అది చదవగానే నాకు చెమటలు పట్టాయి. ఎస్తేరు చిన్నప్పుడు మేం జనగామలో ఉండేవాళ్లం. అక్కడి బడి టైకి వేరుగా, బెల్టుకు వేరుగా, వార్షికోత్సవంలో మా పిల్ల చెట్టు వేషం వేసి కదలకుండా నిలబడ్డందుకు వేరుగా వసూలు చేసింది. బస్సు ఊరికే ఇచ్చే బడి ఈ భూమ్మీద ఉంటుందా, మీరే చెప్పండి.

రెండో బడి ఫీజు తక్కువ. కానీ బస్సు వేరు, డైరీ వేరు, ల్యాబు వేరు, ‘అభివృద్ధి’ వేరు. కట్టిన అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదని కూడా రాశారు. ఆ మాట చదివాక నా ప్రాణం కుదుటపడింది. ఇది అచ్చమైన బడే. స్తోత్రం చెప్పి అడ్వాన్సు పంపేశాను. సలోమికి చెప్పలేదు. మొదటిది దొంగబడి అని రుజువు చేసి, రెండు శుభవార్తలూ కలిపి చెబుదామనుకున్నాను.

రుజువు తనంతట తానే వచ్చింది. ఆదివారం ఆరాధన ముగిసి చాయ్ తాగుతుంటే, మొదటి బడి ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. సీటు ఉందట, తండ్రిగా నా ఒప్పుదల ఇవాళే కావాలట. నేను స్పీకర్ పెట్టాను. బొగ్గుబాయి పని చేసి రిటైరైన యాకోబన్న, అనుమానంలో నాకు గురువు, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“ఇయ్యాల ఆదివారం గదమ్మా. బడి ఎట్ల తెరిసిండ్రు?” అని అడిగాను.

“ఈడ శుక్రవారం, శనివారం సెలవన్నా. ఆదివారం పని దినమే.”

ఆదివారం పని దినమట. యాకోబన్న కళ్లు మెరిశాయి. “బస్సు సంగతి అడుగు తమ్మీ” అన్నాడు.

బస్సుకు ఎంత అంటే ఏమీ లేదంది. టైకి, బెల్టుకు కూడా ఏమీ లేదంది. మస్కట్‌లో ఉండి మన తెలుగు ఎలా మాట్లాడుతున్నావంటే, తనది జనగామ పక్కన నర్మెట్ట అంది. చూడండి, దొంగలు నర్మెట్ట దాకా చదువుకుని వచ్చారు.

“ఉత్తగ ఎవడిత్తడు తమ్మీ. గిది సైబరోళ్ల పని” అని యాకోబన్న తీర్పు చెప్పేశాడు.

నాలోని బోధకుడు లేచాడు. “చెల్లే, ఇల్లు గడవక గీ పనిల దిగినవేమో. ఇప్పటికన్న ఒప్పుకో. నీ కోసం మేమంత ప్రార్థన చేస్తం.”

అవతల ఏదో గుసగుస వినిపించింది. కరిగిందనుకున్నాను. అందరం కళ్లు మూసుకున్నాం. నా ప్రార్థన పొడవు మా సంఘంలో ప్రసిద్ధం. విందుల్లో నేను లేస్తే వంటవాళ్లు బిర్యానీ మీద మళ్లీ మూత పెడతారు. ఆ రోజు లోకంలోని మోసగాళ్లందరినీ ఖండాల వారీగా తలచుకుని, చివరికి ఆ చెల్లెలి మీద కరుణ అడిగి ముగించాను.

ఫోన్లోంచి రెండు గొంతులు ఆమెన్ అన్నాయి. రెండోది పెళ్లైన నాటి నుంచి నా పక్కన వినిపిస్తున్న గొంతు.

“ఇగ కండ్లు తెరువు” అంది సలోమి. “రాత్రి డ్యూటీ దిగి సక్కగ ఈ బడికే వచ్చిన. బస్సెక్కి చూసిన, పుస్తకాలు చూసిన. గీ దొంగల ముఠాల నేను గూడ ఉన్న, నా కోసం గూడ జర ప్రార్థన చెయ్యి.”

సంఘమంతా చాయ్ కప్పుల్లోకి చూడసాగింది. యాకోబన్న కుర్చీ వెనక్కి జరిగింది. నేను రెండో బడికి కట్టిన అడ్వాన్సు సంగతి చెప్పాను. 

సలోమి ఆ లెక్కను అక్కడికక్కడే కొట్టేసింది. “ఆ పైసలు ఆ బడి అభివృద్ధికి కానుక వేసిననుకో. ఆడి వేరు వేరు ఖర్చులన్ని కలిపితె మన జీతాలు సాలయి. ఈడ సీటు పోతే బిడ్డ ఇంకో ఏడాది నాకు దూరం. ఒప్పుకుంటవా, ఇంకో ప్రార్థన ఉన్నదా?”

“ఆమెన్” అని ఒప్పుకున్నాను. నా జీవితంలో అంత పొట్టి ప్రార్థన ఇంకెప్పుడూ చేయలేదు. ఎస్తేరు ఇప్పుడు తల్లి దగ్గరే ఉంది, ఆ బడి బస్సులోనే వెళ్తోంది. డ్రైవర్ పైసలు అడిగాడా అని రోజూ అడుగుతున్నాను. ఇంకా అడగలేదట. చూద్దాం.

కాబట్టి ప్రియమైన పాఠకులారా, పరలోకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఎంత గొప్ప పాపి కోసమైనా సరే, ముందు ఫోన్ పెట్టేశాకే కళ్లు మూస్తాను.